ఘాజీని ముంచిందెవరు? సినిమా ఒకటి చెప్పింది... సముద్రం ఒకటి దాచింది!

2017 ఫిబ్రవరి. గోదావరిఖనిలో సెకండ్ షో వదిలారు. చౌరస్తాలో చాయ్ బండి దగ్గర నలుగురు కుర్రాళ్ళు చేరారు. చూసొచ్చింది 'ఘాజీ'. చాయ్ చల్లారిపోతోంది గానీ వాదన మాత్రం చల్లారడం లేదు!

"అన్నా, గిది నిజంగనే జరిగిందా? మనోళ్ళ సబ్‌మెరైన్ నీళ్ళల్లకు పోయి ఘాజీని ముంచిందా? మరి సర్కారు గిన్నేండ్లు ఎందుకు దాచింది?" అని ఒకడు నా మీద పడ్డాడు.

"దాచిందంటేనే ఏదో మతలబున్నట్టు!" అన్నాడు రెండోవాడు.

పాఠకులారా, ఆ రాత్రి నేను చెప్పలేకపోయిన జవాబు ఇదిగో, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తెర మీద కథ

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో రానా, కేకే మీనన్, అతుల్ కులకర్ణి నటించిన ఈ చిత్రం తెలుగులోనూ హిందీలోనూ తయారైంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా కొట్టేసింది. అందులో మన జలాంతర్గామి ఎస్-21 రహస్యంగా బయల్దేరి, సముద్రం అడుగున ఘాజీతో ఢీ అంటే ఢీ అని తలపడుతుంది. చివరికి దాన్ని ముంచేస్తుంది. చూస్తున్నంతసేపూ వూపిరి బిగపట్టాల్సిందే!

కానీ ప్రభుత్వం చెప్పిన చరిత్రలో ఈ జలాంతర్గామి యుద్ధమే లేదు. అందులో హీరో వేరు. రిటైర్మెంటుకి దగ్గరపడిన ముసలి నౌక ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్!

అసలు జరిగిందేమిటి?

ఘాజీ పుట్టింది పాకిస్తాన్‌లో కాదు, అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944 డిసెంబరులో దీన్ని నీళ్ళలోకి దింపారు. అప్పటి పేరు 'డయాబ్లో'... అంటే దెయ్యం! 1964లో పాకిస్తాన్ చేతికొచ్చాక ఘాజీ అయింది. 1971 నవంబరు 14న 93 మందితో కరాచీ నుంచి బయల్దేరింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్ మీద.

అప్పుడు విశాఖలో తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన ఎత్తు వింటే మన స్క్రిప్టు రచయితలు కూడా ముక్కున వేలేసుకుంటారు. బాయిలర్‌లో పగులున్న విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ వైపు పంపేశాడు. దాని బదులు రాజ్‌పుత్‌ని సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టుగా వైర్‌లెస్ సందేశాలు దండిగా పంపించాడు. విశాఖ బజారులో విక్రాంత్ సిబ్బంది కోసమన్నట్టు సరుకులకు ఆర్డర్లు ఇప్పించాడు. ఓ నావికుడి తల్లికి జబ్బు ఎలా వుందని అడుగుతూ మామూలు టెలిగ్రాం కూడా కొట్టించాడు. వేగులవాళ్ళ చెవిన పడాలనే ఇదంతా!

డిసెంబరు 3 సాయంత్రం యుద్ధం మొదలైంది. ఆ రాత్రి రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయటికొస్తూ నీళ్ళలో అనుమానపు అలజడి కనిపించి డెప్త్ చార్జీలు వదిలింది. ఇవి నీళ్ళలో లోతుకి దిగి పేలే బాంబులన్నమాట. అర్ధరాత్రి దాటిన కాసేపటికి పెద్ద పేలుడు. ఒడ్డున ఇళ్ళ కిటికీ అద్దాలు కదిలిపోయాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాల బాంబులు చవిచూసిన వూరది. మళ్ళీ యుద్ధమొచ్చిందని ఒక్కసారిగా ఉలిక్కిపడింది. తర్వాత జాలర్లకు తేలుతున్న శకలాలు దొరికాయి.

ఘాజీ మునిగిందని ప్రభుత్వం ప్రకటించింది మాత్రం డిసెంబరు 9న. మధ్యలో ఆ అయిదు రోజులూ ఏం జరిగింది? అదిగో, పుకారు పుట్టింది అక్కడే!

మూడు వాదనలు

ఒకటి, మన నౌకాదళం మాట: రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ఘాజీని ముంచాయి. రెండు: రేవు ముందర తాను పరిచిన మైన్లే తన కొంప ముంచాయి. మూడు: లోపలి బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ పోగుపడి పేలింది. పాకిస్తాన్ వైపు నుంచి వినిపించేది చివరి రెండూ. ఆ యుద్ధంలో మన తూర్పు సైనిక కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన జనరల్ జేకబ్ కూడా ఘాజీ ప్రమాదంలోనే పోయిందని తర్వాత వాదించాడు. మనవాళ్ళలోనే మాట తేడా వచ్చిందంటే ఇక చెప్పేదేముంది!

మూడో వాదన వినగానే కుర్రాళ్ళు నవ్వారు. "బ్యాటరీ పేలుడేందన్నా? సెల్‌ఫోనా?" అన్నారు. పక్కనే బీడీ కాలుస్తున్న ఓ పెద్దాయన అందుకున్నాడు. గనిలో లాంప్ రూంలో పనిచేసి రిటైరైన మనిషి.

"నవ్వకుండ్రి బిడ్డా! మా కాలంల క్యాప్ లాంపులన్నీ యాసిడ్ బ్యాటరీలే. చార్జింగు పెట్టినప్పుడు గ్యాసు లేస్తది. అందుకే లాంప్ రూంల గాలి ఆడాలె, బీడీ ముట్టియ్యద్దు. నెత్తి మీది లాంపు బ్యాటరీకే గంత భయమైతే, ఓడంత బ్యాటరీకి ఎంతుండాలె?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఘాజీ తరగతి జలాంతర్గాములు నీళ్ళ కింద నడిచేది 252 పెద్ద యాసిడ్ సెల్స్ మీదే. పైకి తేలి గాలి మార్చుకోవడం కుదరకపోతే హైడ్రోజన్ లోపలే పోగవుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు! అంటే మూడో వాదన గాలి మాట కాదు. అలాగని రుజువైపోయిందనీ కాదు.

కాగితాలు కాలిపోతే...

2010లో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఘాజీ మునకకు సంబంధించిన పాత రికార్డులు విశాఖ నౌకాదళం దగ్గర లేవనీ, ఎప్పుడో నాశనం చేశారనీ దాని సారాంశం. ఇక చూసుకోండి, "అనుమానం నిజమే" అన్నవాళ్ళు లేచి నిలబడ్డారు! కానీ ఒక్క క్షణం ఆగండి. పాత ఫైళ్ళు తగలబెట్టడం ప్రభుత్వ ఆఫీసుల్లో మామూలే. కాగితం లేకపోవడం కుట్రకు రుజువు కాదు. అయితే కాగితం వుంటే ఈ గొడవే వుండేది కాదు కదా!

ఇలాంటి కథే అమెరికాలోనూ వుంది. 1943లో ఎల్‌డ్రిడ్జ్ అనే యుద్ధనౌకని రహస్య ప్రయోగంతో మాయం చేశారట, ఫిలడెల్ఫియాలో అదృశ్యమై ఇంకో రేవులో తేలిందట! దాని మీద 1984లో సినిమా కూడా వచ్చింది. అసలు సంగతి వింటే నవ్వొస్తుంది. ఆ రోజుల్లో నౌకలకు తీగలు చుట్టి కరెంటు పంపి, అయస్కాంత శక్తి తగ్గించేవాళ్ళు. అయస్కాంతంతో పసిగట్టే మైన్లకి నౌక "కనిపించకుండా" చేయడం అంటే ఇదే. కథ అల్లినవాళ్ళ చేతిలో అది మనుషుల కంటికే కనిపించకుండా పోయింది! 1999లో ఆ నౌక పాత సిబ్బంది కలుసుకున్నప్పుడు, తమ ఓడ ఫిలడెల్ఫియా రేవుకే వెళ్ళలేదని నవ్వుకున్నారు.

తేడా చూడండి. అక్కడ నౌక మాయం కాలేదు, మనుషులు బతికే వున్నారు. అందుకే వాళ్ళు నవ్వగలిగారు. ఇక్కడ 93 మంది నిజంగానే పోయారు.

చివరి మాట

ఆ రాత్రి చాయ్ డబ్బులిచ్చి కదలబోతుంటే పెద్దాయన మళ్ళీ అన్నాడు. "ఎవరు ముంచినా మునిగినోళ్ళు మునిగిన్రు. ఇంటికాడున్నోళ్ళకు ఎట్ల పోయిన్రో తెల్వాలె గద బిడ్డా!"

ఆ మాట ఖనిలో అందరికీ అర్థమవుతుంది. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది పోయిన వూరిది. గని ముందు ఎదురుచూపులంటే ఏమిటో తెలిసిన వూరిది. కబురు ఆలస్యమైనకొద్దీ పుకారు ఎంత వేగంగా పరిగెత్తుతుందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

2024లో మన నౌకాదళం కొత్త రక్షణ జలయానంతో విశాఖ దగ్గర ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని వార్త వచ్చింది. దాన్ని కదిలించకుండా అలాగే వుంచారట, శత్రువుదైనా సమాధి సమాధే అని! విశాఖ బీచ్ రోడ్డులో విజయ స్మారక స్తూపం వుంది, దగ్గర్లోనే మన జలాంతర్గామి కురుసుర మ్యూజియంగా నిలబడి వుంది. ఈసారి విశాఖ వెళ్తే కురుసుర లోపలికి వెళ్ళి చూడండి. ఆ ఇరుకులో అన్ని రోజులు ఎలా బతికారో చూశాక, "ఎవరు గెలిచారు" అన్న ప్రశ్న కాసేపు గొంతులోనే ఆగిపోతుంది.

సినిమాకి విలన్ కావాలి, క్లైమాక్స్ కావాలి. 'ఘాజీ' ఆ రెండూ దర్జాగా ఇచ్చింది, విజిల్ వేయండి, తప్పులేదు! కానీ థియేటర్ బయటికొచ్చాక "సర్కారు దాచిందంట" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వేయండి... "నీకెట్ల తెలుసు?" ఆ ప్రశ్న చాయ్ బండి దగ్గరి కుర్రాడికీ వర్తిస్తుంది, ఫైళ్ళు తగలబెట్టే ఆఫీసుకీ వర్తిస్తుంది.