పాత కటకములలోని పళ్లచక్రములు

పాత రేడియో గల ఇండ్లవారికి ఈ సంగతి తెలియును. ముల్లు కొసకు చేరిన పిదప కూడ గుండీని బలముగా త్రిప్పినచో లోపలి దారము జారును, లేదా తెగును. పాత ఆటోఫోకస్ కటకములకు కలుగు ఆపదయు ఇట్టిదే. అయితే రేడియోను త్రిప్పునది మన చేయి. అడ్డు తగులగానే అది సడలును. కెమెరాలో త్రిప్పునది మోటారు. అది అంత త్వరగా సడలదు.

1985లో మినోల్టా సంస్థ మాక్సమ్ 7000 అను కెమెరాను వెలువరించినది. దాని మోటారు కెమెరాలోనే కలదు. అక్కడి నుండి మరమేకు మొన వంటి చిన్న ఇరుసు బయటికి వచ్చి కటకములోని పళ్లచక్రములను త్రిప్పగా, అద్దములు ముందువెనుకలకు జరుగును. నికాన్, పెంటాక్స్ సంస్థలును తరువాత ఈ పద్ధతిని అనుసరించినవి. ఇట్టి కెమెరాలకు సరిపడునట్లు ఇతర సంస్థలవారును చౌకగా కటకములు చేసి అమ్మిరి. వానిలో కొన్నిటి చక్రములు సన్నని ప్లాస్టిక్కువి. ఆనాటి నెమ్మదైన మోటార్లకు అవి తాళినవి. 2007 నాటి సోనీ ఆల్ఫా 700 వంటి కెమెరాలలో మోటారు బలమును, వేగమును హెచ్చినవి. కటకము మాత్రము పాతదే. పైగా ఏండ్లు గడచుటచే లోపలి గ్రీజు చిక్కబడి యుండును.

మా మిత్రులొకరు తమ తండ్రిగారు కొన్న కటకముతో మేనకోడలి పెండ్లి చిత్రములు తీయుచుండగా మేము ప్రక్కనే యుంటిమి. పందిట వెలుతురు చాలలేదు. గురి తెల్లని తెరపై పడుటచే కెమెరాకు పట్టు దొరకక, కటకము ఈ కొస నుండి ఆ కొసకు మరల మరల పరుగెత్తసాగెను. కొస తగిలిన ప్రతిసారియు ఆ దెబ్బ పళ్లపైననే పడును. జీలకఱ్ఱ బెల్లము వేళకు టకటకమను చప్పుడు వినవచ్చెను. పిమ్మట మోటారు తిరిగినదే గాని కటకము కదలలేదు.

వారు ముందుగా వలయమును చేతితో త్రిప్పి, దూరమును ఉజ్జాయింపుగా కుదిర్చి, పిదప మోటారును పిలిచినచో అన్ని పరుగులు తప్పెడివి. చీర అంచు, కనుబొమ వంటి వెలుగునీడల తేడా గల చోట గురిపెట్టుటయు మేలే. కటకముపై దూరమును పరిమితము చేయు మీట యున్నచో దానిని వాడవలెను. కొన్ని కెమెరాలలో మోటారు వేగము తగ్గించు ఏర్పాటు కలదు. పాత కటకమునకు నెమ్మదియే చాలును. కొన్ని కెమెరాలు మీట వేయగానే కటకమును అనంతపు కొసకు త్రోయును. అట్టివాని విషయమున ముందే వలయమును ఆ కొస చెంతకు చేర్చి యుంచవలెను.

అన్నిటికంటె తఱచుగా జరుగు పొరపాటు మఱియొకటి. ఆటోఫోకస్ మీటను మార్చకయే వలయమును చేతితో బలవంతముగా త్రిప్పుదురు. అప్పుడు ఇరుసు ఇంకను లోపల తగులుకొనియే యుండుటచే చక్రములు రెండు బలముల నడుమ నలుగును. కటకమును ఊడదీయునప్పుడును విడుదల గుండీని పూర్తిగా నొక్కినగాని ఇరుసు వెనుకకు పోదు.

బిగువుగా తోచినదని నూనె మాత్రము పోయరాదు. అది ప్రాకి వెలుతురు ద్వారపు రేకులకు అంటుకొనును. టకటక చప్పుడు వినబడినచో వెంటనే ఆటోఫోకస్ ఆపి, మరమ్మతు తెలిసినవారికి చూపవలెను.

మా మిత్రులు మాంగల్యధారణ చిత్రమును వలయము చేతితో త్రిప్పియే తీసిరి. అది స్పష్టముగనే వచ్చినది.