విగ్రహం వెనుక అద్దం



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇళ్లలో సాయంత్రాలు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకరు ఇంకా ట్రాఫిక్‌లోనే ఉంటారు, ఒకరు అమెరికా వాళ్లతో కాల్‌లో ఉంటారు. అందరూ భోజనాల దగ్గర కలిసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ కాసేపట్లో పిల్లల్ని అడిగేవి మూడే ప్రశ్నలు: హోంవర్క్ అయిందా, టెస్ట్‌లో ఎన్ని వచ్చాయి, రేపు ఏముంది? జవాబులూ అంతే పొట్టిగా వస్తాయి: "అయింది", "పర్లేదు", "ఏం లేదు". "మావాడు మాతో ఏదీ చెప్పడం లేదు మేడమ్" అని పీటీఎంలో చాలామంది అనే మాట ఇక్కడే మొదలవుతుంది.

ఈ సమస్యకు కళ, తత్వశాస్త్రం పనికొస్తాయంటే మొదట వింతగా అనిపించవచ్చు. మన నగరంలోనే ఉన్న ఒక విగ్రహంతో మొదలుపెడతాను.

ఒకే దుంగలో ఇద్దరు

1951లో ప్రజల కోసం తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో 19వ శతాబ్దపు చెక్క విగ్రహం ఒకటి ఉంది. ఎదురుగా నిలబడితే గర్వంగా తలెత్తి నిలుచున్న మెఫిస్టోఫిలిస్ కనిపిస్తాడు. వెనక ఉన్న అద్దంలోకి చూస్తే తల వంచుకుని, ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెట్టా కనిపిస్తుంది. ఇద్దరూ జర్మన్ రచయిత గోథే నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రలే. అతను సైతాను, ఆమె ఆ కథలో నష్టపోయే అమాయకురాలు. ఇద్దరినీ ఒకే దుంగలో చెక్కారు.

అద్దం తీసేస్తే ఎదురుగా ఉన్నవాళ్లు "ఇది సైతాను బొమ్మ" అని ఒట్టు వేసి చెబుతారు. వెనక ఉన్నవాళ్లు "కాదు, పాపం అమ్మాయి బొమ్మ" అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, నిలబడిన చోటు వేరంతే. మీ పిల్లల విషయంలో మీకూ మాకూ ఇదే జరుగుతుంది. ఇంట్లో పిలిస్తే పలకని అబ్బాయి స్కూల్ బస్సులో యూకేజీ పిల్లల చేయి పట్టుకుని దించుతాడు. క్లాసులో గడగడా మాట్లాడే అమ్మాయి ఇంట్లో గది తలుపు వేసుకుంటుంది. మనం చూసింది నిజమే అయినా, అది సగమే.

బంధమే అద్దం అన్న తత్వవేత్త

మ్యూజియంలో అద్దం పెట్టి ఉంది. ఇంట్లో ఎవరు పెడతారు? మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దీనికి ఒక సమాధానం చెప్పారు. మనుషుల మధ్య బంధమే అద్దమని, మనం ఎలాంటివాళ్లమో అందులోనే కనబడుతుందని ఆయన అనేవారు. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తీర్పు చెప్పకుండా చూడడం నేర్చుకోమన్నారు.

దీన్ని మన ఇంటి భాషలో పెట్టి చూద్దాం. పాప లెక్కల్లో 25కి 14 తెచ్చుకుంది అనుకోండి. వెంటనే మనకు కోపం వస్తుంది. ఆ కోపం ఎక్కడిది? పాపకు భిన్నాలు అర్థం కాలేదన్న బాధా? అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మరొకరి పాప మార్కులు చూసిన చిన్నతనమా? ఆఫీసులో అప్రైజల్ సరిగా రాని చిరాకా? ఒక్క నిమిషం ఆగి ఈ ప్రశ్న వేసుకుంటే, ఆ 14 మార్కుల కాగితం మన ముఖాన్ని మనకే చూపిస్తుంది. అప్పుడు "పక్కింటి పాపకు 23 వచ్చాయిగా" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. "ఏ లెక్క దగ్గర ఆగిపోయావమ్మా?" అని అడగగలుగుతాం.

మార్కులు వద్దని నేను అనడం లేదు. ఫీజు కట్టే మీకూ, పాఠం చెప్పే మాకూ అవి అవసరమే. అయితే వాటిని ఎలా చదవాలో చెప్పే కళ కూడా మన తెలంగాణలోనే ఉంది.

మడత విప్పే కథ

చేర్యాల నకాషీ పటాలు మీరు చూసే ఉంటారు. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. పొడవాటి ఆ పటాన్ని ఊరి మధ్యలో కొంచెం కొంచెంగా విప్పుతూ కథకులు కథ చెప్పేవారు. ఒక బొమ్మలో ఓడినవాడు నాలుగు బొమ్మల తర్వాత గెలవవచ్చు. మొదటి బొమ్మ చూసి లేచి వెళ్లిపోయినవాళ్లకు కథ తెలియదు. యూనిట్ టెస్ట్ కూడా ఆ పటంలో ఒక బొమ్మే.

ఈ నెల ఇంట్లో ప్రయత్నించండి

1. మూడు ప్రశ్నల్లో ఒకటి మార్చండి. "ఎన్ని వచ్చాయి?" బదులు "ఈ రోజు నీకు వింతగా అనిపించిందేమిటి?" అని అడగండి. మీ రోజు గురించి కూడా ఒక మాట చెప్పండి.

2. ఒక సెలవు రోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం అది మూసి ఉంటుంది. ఆ విగ్రహం దగ్గర ఒకరు ముందు, ఒకరు వెనక నిలబడి, ఎవరికి ఏం కనిపిస్తోందో చెప్పుకోండి. అంత దూరం కుదరకపోతే హైటెక్ సిటీ పక్కనే శిల్పారామం ఉంది.

3. ఒక పొడవాటి కాగితంపై పిల్లలతో వాళ్ల ఈ ఏడాది కథను బొమ్మలుగా వేయించండి. ఏ బొమ్మ పెద్దగా వేశారో గమనించండి. వెంటనే వ్యాఖ్యానించకండి.

బొమ్మలు చూస్తే అన్నీ సర్దుకుంటాయని కాదు. పిల్లలు వారాల తరబడి తిండి, నిద్ర తగ్గి ముభావంగా ఉంటే తప్పకుండా స్కూల్ కౌన్సెలర్‌ను కలవండి.

ఇంట్లో మీకు కనిపించి మాకు కనిపించని విషయం ఏదైనా ఉంటే డైరీలో రెండు వాక్యాలు రాసి పంపండి. క్లాసులో మాకు కనిపించింది మేమూ రాస్తాం.