నాళంలో రక్తం గడ్డకడితే

గాయం మీద రక్తం గడ్డకట్టడం మేలే. నాళంలోపల, తోడు పడిన పాలవలె, పేరుకుంటేనే ముప్పు. ఆపరేషన్ అయి మంచం పట్టినవారికీ, లారీ సీటులోనో పోర్టు క్రేనులోనో గంటల తరబడి కదలక కూర్చున్నవారికీ కాలి లోతు సిరలో గడ్డ ఏర్పడవచ్చు. ఒక కాలే వాచి నొప్పెడుతుంది. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఒక్కోసారి మరణం.

దీని మందు మన పశువుల మేతలోంచే వచ్చిందంటే నమ్ముతారా? 1933లో అమెరికా రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తాన్నీ శాస్త్రజ్ఞుడు కార్ల్ లింక్ వద్దకు తెచ్చాడు. పశువు తిన్నది పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి. అందులో దొరికిన పదార్థమే వార్ఫరిన్ మాత్రకు దారి తీసింది. మొదట దాన్ని ఎలుకల మందుగా వాడారు!

హఠాత్తుగా కాలు వాస్తే పిసికించవద్దు. కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట వెంటనే చూపించండి. మాత్ర వాడేవారు రక్తపరీక్షలు మానరాదు.