అది చాదస్తం కాకపోవచ్చు

మా అత్తగారు ఉన్నంతకాలం మా ఇంట్లో ఆవకాయకి కొలత గిన్నె అన్నది లేదు. ఆవిడ చెయ్యే కొలత. అటువంటి మనిషి ఒక వేసవిలో ముక్కలు తుడిపించి, ఆవపిండీ, కారం, ఉప్పూ పళ్ళేల్లో పోయించుకుని ముందు పెట్టుకుని, అలాగే చూస్తూ కూర్చుండిపోయారు. చివరికి "ముందు ఏది వెయ్యాలమ్మాయ్?" అన్నారు. నేను నవ్వేశాను. వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

మనుమల పుట్టినరోజులు, చుట్టాల ఇళ్ళల్లో తద్దినాల తిథులు ఆవిడకు కంఠతా వచ్చు. ఎవరి పేరూ మర్చిపోలేదు. అందుకే ఇదొక జబ్బని మాలో ఎవరికీ తట్టలేదు. "పెద్దతనం, చాదస్తం" అనుకున్నాం. పని ఎప్పుడు చెప్పినా "తరవాత చూద్దాంలే" అంటుంటే నేను లోలోపల విసుక్కున్న మాట కూడా ఉంది. దాచడమెందుకు?

మతి పోవడమంటే పేర్లు మర్చిపోవడమే అని మనలో చాలామంది అనుకుంటాం. అల్జీమర్స్ జబ్బులో సాధారణంగా మొదట పోయేది జ్ఞాపకమే, నిజమే. కాని మెదడులోని రక్తనాళాలు చెడిపోవడం వల్ల వచ్చే మతిమాంద్యం దారి వేరు. జ్ఞాపకం అంతో ఇంతో నిలబడి ఉండగానే, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్న వరస తప్పుతుంది. ఆలోచన నెమ్మదిస్తుంది. అడిగిన దానికి జవాబు వస్తుంది గాని, చాలాసేపటికి వస్తుంది. నడక చిన్న చిన్న అడుగులైపోతుంది. దేనిమీదా ఉత్సాహం ఉండదు. ఒక్కోసారి కారణం లేకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఇవన్నీ చూసి మనం "బద్ధకం", "పట్టింపు లేదు", "కావాలని చేస్తున్నారు" అని పేర్లు పెడతాం.

ఇదెలా జరుగుతుందో కొంచెం చూద్దాం. మన ఒంటి బరువులో మెదడు బరువు యాభయ్యో వంతు. కాని మనం పీల్చే ప్రాణవాయువులో అయిదోవంతు దానికే ఖర్చవుతుంది. పోనీ నాలుగు రోజులకి సరిపడా డబ్బాలో పోసి దాచుకుంటుందా అంటే, అదీ లేదు. ఏ నిమిషానికి కావలసిన రక్తం ఆ నిమిషానికి అందాల్సిందే. మున్సిపాలిటీ కుళాయి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద గొట్టం దగ్గరి ఇళ్ళకి ధారగా వచ్చే నీళ్ళు, సందు చివరి ఇంటికి వచ్చేసరికి చుక్కలవుతాయి. మెదడు లోతుల్లో కూడా అటువంటి సందు చివరి ఇళ్ళున్నాయి. వాటికి రక్తం తీసుకెళ్ళే నాళాలు దారప్పోగులకంటె సన్నం. ఏళ్ళ తరబడి రక్తపుపోటు ఎక్కువగా ఉంటే, ఆ దెబ్బలకి వాటి గోడలు దళసరెక్కి, లోపలి దారి ఇరుకైపోతుంది. చక్కెర వ్యాధీ, పొగాకూ తోడైతే ఇంకా త్వరగా జరుగుతుంది. ఒకరోజు ఒక నాళం మూసుకుపోతుంది. మిరియపుగింజంతో, చిక్కుడుగింజంతో మేర రక్తం అందక చచ్చిపోతుంది. కాలూ చెయ్యీ పడిపోకపోవచ్చు. నొప్పి కూడా తెలియకపోవచ్చు. అటువంటివి ఒకటి, రెండు, పది పోగవుతాయి. మెదడు ముందుభాగం నుంచి లోపలికి వెళ్ళే తీగలన్నీ ఆ లోతుల్లోంచే పోతాయి గనుక, పనుల వరస తప్పేది అందుకన్నమాట.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1894లోనే ఒట్టో బిన్స్‌వాంగర్ అనే వైద్యుడు మెదడు లోపలి తెల్లభాగం రక్తనాళాల జబ్బువల్ల దెబ్బతినడం గురించి రాశాడు. ఆ తరవాత చాలాకాలం, ముసలితనంలో మతి తగ్గితే "నాళాలు గట్టిపడ్డాయి" అని చెప్పి ఊరుకునేవారు. 1974లో హాచిన్‌స్కీ, ఆయన తోటివారూ అది సరికాదన్నారు. రక్తం కొంచెం కొంచెంగా తగ్గి మెదడు ఎండిపోవడం కాదు, చిన్నవీ పెద్దవీ ముక్కలు చచ్చిపోతూ రావడం వల్లే మతి పోతోందని వివరించారు. ముక్కలు చచ్చిపోవడం అన్నది గట్టి మాట. ఎందుకంటే, అలా చచ్చిపోకుండా ఆపగలమా అన్న ప్రశ్న దాని వెంటనే వస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం అమెరికాలోని కన్యకాస్త్రీల కథ. స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోటర్ డామ్ అనే సంఘంలోని 678 మంది వృద్ధ సన్యాసినులు డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడికి ఒక మాట ఇచ్చారు. బతికున్నన్నాళ్ళూ తరచు పరీక్షలకి కూర్చుంటాం, పోయిన తరవాత మా మెదడు తీసి చూసుకోండి అని. వారిలో చాలామంది బడిపంతులమ్మలుగా పనిచేసినవారు. ఒకే రకం భోజనం, ఒకే రకం జీవనం. పిల్లల బాధ, మొగుడి బాధ లేవు. అందుచేత ఒకరితో ఒకరిని పోల్చి చూడడం పరిశోధకులకి సులువైంది. 1997లో 102 మంది మెదళ్ళ సంగతి ప్రకటించారు. అందులో 61 మంది మెదళ్ళలో అల్జీమర్స్ గుర్తులు పూర్తిగా ఉన్నాయి. విచిత్రమేమంటే, వారిలో కొందరు పోయేవరకూ తెలివితోనే ఉన్నారు! తెలివి తప్పినవారి మెదడు లోతుల్లో, అల్జీమర్స్ గుర్తులతోపాటు, నేనింతకుముందు చెప్పిన గింజంత మచ్చలు ఒకటో రెండో ఎక్కువగా కనిపించాయి. మిగిలిన 41 మందిలో, అంటే అల్జీమర్స్ గుర్తులు అంతగా లేనివారిలో, ఈ మచ్చలున్నా అంత హాని కనబడలేదు. అంటే రెండు జబ్బులూ చేతులు కలిపినప్పుడు మనిషి కూలిపోతోందన్నమాట. అల్జీమర్స్‌ని ఆపే మందు ఈనాటికీ మన చేతిలో లేదు. కొన్ని మందులు కొంచెం నెమ్మదింపజేస్తాయి, అంతే. కాని ఆ రెండోదాన్ని ఆపడానికి చాలావరకు దారులున్నాయి.

యూరప్‌లో అరవై దాటిన, పై అంకె ఎక్కువగా ఉన్న 2,418 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రక్తపుపోటు మాత్రలూ, ఇంకో భాగానికి ఉత్తుత్తి మాత్రలూ ఇచ్చి చూశారు. 1998లో లెక్క తేలింది. ఉత్తుత్తి మాత్రలవారిలో 21 మందికి మతిమాంద్యం వస్తే, అసలు మాత్రలవారిలో 11 మందికే వచ్చింది. చిన్న సంఖ్యలే, ఒప్పుకుంటాను. 2019లో అమెరికాలో తొమ్మిదివేల పైచిలుకు మందితో ఇంకో పరీక్ష వచ్చింది. పై అంకెని 120 లోపుకి దించినవారిలో, 140 లోపు ఉంచినవారికంటె, మతి కొంచెం మందగించడమనే తొలి మెట్టు తక్కువగా కనిపించింది. పూర్తి మతిమాంద్యం విషయంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. అంటే అందరూ వెంటనే 120కి దింపెయ్యమని కాదు. పెద్దవాళ్ళలో మరీ దిగిపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఎంత ఉండాలో మీ డాక్టరుగారే చెప్పాలి.

హొనొలులూలో జపాను సంతతివారి మీద జరిగిన పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. ముసలితనంలో మతి ఎలా ఉంటుందన్నది, పాతికేళ్ళ ముందు, నడివయస్సులో రక్తపుపోటు ఎలా ఉండేదన్నదాని మీద కూడా ఆధారపడింది. (అక్కడ చూసినవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు. అది మనకు కొత్తా?) కాబట్టి ఇది అత్తగారి సంగతి మాత్రమే కాదు, నలభైల్లో ఉన్న మీ సంగతి, నా సంగతి కూడా. ఇంట్లో అందరికీ మాత్రలు వేళకి అందించి, మన రక్తపుపోటు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నామంటే, "బాబు పుట్టినప్పుడు" అంటాం.

మన హైదరాబాదులో కూడా ఒక పని జరిగింది. పక్షవాతం వచ్చి నిమ్స్ ఆస్పత్రికి వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో నూటికి నలభై మందికి మతి మామూలుగానే నిలబడితే, ఒకే భాషవారిలో నూటికి ఇరవై మందికే నిలబడింది. పక్కింటి ఉర్దూ, కూరగాయల బండి హిందీ వృథా పోలేదన్నమాట. అలాగని పిల్లలకి తెలుగు మాన్పించకండి, లెక్క రెండింటిది.

ఇక వంటిల్లు. రోజుకి ఒక మనిషికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచాకి మించవద్దంటుంది ప్రపంచ ఆరోగ్యసంస్థ. కూరలో ఉప్పు తగ్గించామని మనం సంబరపడతాం గాని, ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ లెక్కలోకి రానివ్వం. నేనేమీ ఆవకాయ మానెయ్యమనడం లేదు, ఆ మాట చెబితే వినేదెవరు! మూడు పూటలా పళ్ళెంలో ఉండక్కర్లేదు, అంతే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. పెద్దవాళ్ళలో హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా, కాసేపటికి అదే సర్దుకున్నా సరే, అల్లం రసం తాగించి పడుకోబెట్టకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందుకి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. మతి నెమ్మదిగా తగ్గుతుంటే అప్పుడు కూడా చూపించండి. థైరాయిడ్ తగ్గినా, శాకాహారుల్లో బి-12 లోపించినా మతి మందగిస్తుంది, వాటికి మంచి మందులున్నాయి.

మా అత్తగారికి రక్తపుపోటు ఉందని పదేళ్ళ కిందటే తెలుసు. మాత్రలు వేసుకున్నారు, తలతిరుగుడు తగ్గింది, "బాగానే ఉన్నానుగా" అని మానేశారు. మేమూ ఊరుకున్నాం. తల తిరగకపోతే పోటు లేదనుకున్నాం. నిజానికి అది పైకి ఏ గుర్తూ చూపకుండానే పనిచేస్తుంది. ఫోటో తీయించినప్పుడు డాక్టరుగారు తెల్లటి మచ్చలు చూపించి, "ఇవి ఇవాళ్టివి కావమ్మా" అన్నారు.

ఆ ఏడు ఆవకాయ మేమిద్దరం కలిపే పెట్టాం. "ఇప్పుడు ఆవపిండి, అత్తయ్యగారూ" అంటే ఆవపిండి, "ఇప్పుడు కారం" అంటే కారం. కొలత మాత్రం ఆవిడ చేతిదే, తప్పలేదు. మూడోనాడు తిరగకలపాలని ఆవిడే గుర్తు చేశారు.

మా ఇంట్లో పాల లెక్క రాసే కాలెండరు మీదే ఇప్పుడు నా అంకెలు కూడా రాస్తున్నాను. పోయిన ఆదివారం 142, 88. నెల తరవాత మళ్ళీ రమ్మన్నారు.