ఫోన్ల పాఠాలు బందైనయి, అండ్లకెల్లి నేర్చుకున్నది బందు కావొద్దు

2020 మార్చిల కరోనాతోని బడులన్నీ మూతపడ్డయి. సెప్టెంబర్ 1 కాడికెల్లి మూడో తరగతి నుంచి పది దాకా టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లల్ల పాఠాలు షురూ చేసిండ్రు. మల్ల సరిగ్గ ఏడాదికి, 2021 సెప్టెంబర్ 1న బడులు పూర్తిగ తెరిసిండ్రు. తెరిసిన తెల్లారే అందరి నోట్ల ఒకటే మాట: "ఫోన్ల గోల వోయింది, ఇగ పాత తీరుగనే నడుపుదాం."

నేను చర్ల, దుమ్ముగూడెం దిక్కు పిల్లలకు పాఠాలు చెప్పేటోన్ని. ఫోన్ల చదువు గొప్పగ నడిసిందని నేను చెప్ప. 2021ల దేశమంతట పల్లెలల్ల చేసిన అసర్ సర్వేల, చదువుకునే పిల్లలున్న ఇండ్లల్ల వందకు 67 ఇండ్లకే స్మార్ట్ ఫోన్ ఉన్నదని తేలింది. ఫోన్ ఉన్న ఇండ్లల్ల గూడ నలుగురిల ఒక పోరనికి అది చేతికి రాలే. ఇగ మన అడవి గుంపులల్ల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన సంగతి మీకు నేను చెప్పేదేంది! అయినా ఆ యాడాదిన్నరల కొన్ని పద్ధతులు పనికొచ్చినయి. వాటికి నెట్ అక్కర్లే, ఖర్సు గూడ పెద్దగ లేదు. అవి బడిలకు ఎట్ల తేవాల్నో చెప్త.

మొదటిది, పాఠం మల్ల ఇనే సౌలత్. మన దిక్కు శానామంది పిల్లలకు ఇంట్ల మాట కోయ. కోయల 'ఏర్' అంటే నీళ్లు. తెలుగుల 'ఏరు' అంటే పారే వాగు. ఒకటో తరగతి పోరడు ఈ మాట ఇని ఏమనుకుంటడు? సారు ఆగకుంట చెప్పుకుంట పోతే ఆ పిల్లగాడు మొదటి మాట కాడ్నే ఆగిపోతడు. ఫోన్ల వాయిస్ మెసేజ్ పెట్టినప్పుడు ఆపి, ఎనక్కి తిప్పి, నాలుగుసార్లు ఇన్నరు. అదే పని ఇప్పుడు బడిల చెయ్యొచ్చు. పాఠంల ముఖ్యమైన ముచ్చట ఐదు నిమిషాలు రికార్డు చెయ్యాలె. అదే ముచ్చట కోయ బాగొచ్చిన పెద్ద పిల్లతోని కోయల ఇంకోసారి చెప్పించాలె. రెండూ మెమొరీ కార్డుల ఏసి చిన్న స్పీకర్‌ల పెడితే సరి. సిగ్నల్‌తోని పనే లేదు.

రెండోది, బడికి రాని రోజుల సంగతి. జనవరి వస్తే ఖమ్మం జిల్లాల మిర్చి ఏరుడు మొదలైతది. గుంపులకు గుంపులు కూలికి పోతయి, పిల్లలు గూడ ఎంబడి పోతరు. తర్వాత ఇప్పపువ్వు, ఆ ఎనక తునికాకు. ఇగ వానకాలం వాగులు పొంగితే తొవ్వ బంద్. 2022 జూలైల భద్రాచలం కాడ గోదారి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తరు, అంటే దానిమీద ఇంకో 18 అడుగులు! ఇసొంటి దినాలల్ల బడికి రాని పిల్లగాడు తిరిగొచ్చేటాల్లకు పాఠం ఎక్కడికో పోయి ఉంటది. అర్థం కాక ఎనక బెంచీల కూసుంటడు. కొన్నాళ్లకు బడే మానేస్తడు. మన దిక్కు సగం చదువులు గిట్లనే ఆగిపోతయి. కరోనాల పాఠంతోపాటు ఒక్క పేజీ వర్క్‌షీట్ ఇచ్చేది. అది ఇప్పుడు గూడ వారం వారం తయారు చేసి పెడితే, మిర్చి తోటకు పోయే పిల్లగాని సంచిల నాలుగు కాయిదాలు పోతయి. అమ్మానాయిన ఫోన్ల నాలుగు పాఠాలు పోతయి. వచ్చినంక వాటిమీద రెండు దినాలు కూసోబెట్టి అడిగితే చాలు, అందరితోని కలిసిపోతడు.

మూడోది, గుంపుల చదువు. 2020ల గురుకులాల పిల్లలు ఇండ్లకు వచ్చినప్పుడు 'విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్' అని పెట్టిండ్రు. పెద్ద తరగతోల్లు చెట్టు కింద చిన్నోల్లకు చెప్పేది. దీంట్ల కిటుకేందంటే, చెప్పేటోల్లకే ఎక్కువ వస్తది. తొమ్మిదో తరగతి పిల్ల భిన్నాలు చెప్పాలంటే ముందుగాల తనకు ఎక్కడ తెల్వదో తనకే తెలుస్తది. బడిల గూడ వారానికి రెండు పీరియడ్లు గీ పనికే ఇయ్యాలె.

నాలుగోది, సిగ్గు. క్లాసుల లేసి నిలబడి చెప్పమంటే నోరు మెదపని పిల్లలు వాయిస్ మెసేజ్‌ల మాత్రం దంచి చెప్పిండ్రు. తప్పు చెప్తే ఎవలూ నవ్వరు గదా! బడిల దానికి ఫోనే ఉండాలని లేదు. చీటీ మీద రాసి డబ్బాల ఏయనియ్యాలె. లేకుంటే ముందుగాల పక్కపొల్లకు చెప్పి, ఆ తర్వాత అందరికి చెప్పనియ్యాలె.

తేవద్దనేది గూడ చెప్పాలె. టీవీ పెట్టి సారు బయటికి పోవుడు తేవద్దు. గ్రూపుల పీడీఎఫ్ పెట్టి పాఠం అయిందనుడు తేవద్దు. స్క్రీన్‌కు పిల్లగాని మొఖం కనపడదు, అర్థమైందో లేదో అది అడగదు. రికార్డు పాఠం పంతులుకు ఆసరానే, పంతులుకు బదులు కాదు. ఖాళీ పోస్టు నింపకుంట డబ్బా స్పీకర్ పంపిస్తమంటే మనం ఒప్పుకోవద్దు.

మహారాష్ట్ర సోలాపూర్ జిల్లాల రంజిత్‌సింహ్ దిసాలే అనే సర్కారు బడి సారు, కరోనాకు ఎన్నో ఏండ్ల ముందే పుస్తకాలల్ల క్యూఆర్ కోడ్లు పెట్టి పాఠాలను పిల్లల మాతృభాషలల్లకు తెచ్చిండు. 2020ల ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. ఆయన బడి గూడ పల్లెటూరి చిన్న బడే. మనకు గూడ కావాల్సింది పిల్లలకు ఏ భాష వస్తదో చూసి మొదలువెట్టుడు.

తమ్మీ, చెల్లె, గిది సదువుతున్న మీ చేతుల ఫోన్ ఉన్నది, మీకు కోయ వస్తది, తెలుగు వస్తది. ఈ వారం మీ ఊరి బడికి పోయి సారునో టీచరమ్మనో అడుగుండ్రి: ఏ పాఠం పిల్లలకు ఎక్కుతలేదు? దాన్ని ఐదు నిమిషాలు మీ గొంతుతోని చెప్పి ఇయ్యుండ్రి. మిర్చి కూలికి బండెక్కే ఇండ్ల ఫోన్లకు బ్లూటూత్‌ల ఎక్కియ్యుండ్రి. జనవరి వచ్చేలోపల గీ పని అయితే, మార్చిల తిరిగొచ్చే పిల్లలల్ల కొందరన్న బడి మానకుంట ఉంటరు.