మట్టిలో దొరికిన నాణెం

గురుబరపల్లి వంటి పల్లెలో వాన వెలిసిన తరువాత చేను దున్నుతుంటే నాగటి చాలులో ఒక రాగికాసు బయటపడిందనుకుందాం. ఇంటికి తెచ్చి మొదట చేసే పని దానిని చింతపండుతో తోమడం. కాసు తళతళలాడుతుంది. కాని చిలుముతోపాటు దాని మీది అక్షరాలు కూడా అరిగిపోతాయి.

పూర్వం బ్యాంకులు లేవు. దొంగల భయం, దండుల భయం ఉండేది. కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ 1792లో శ్రీరంగపట్నం సంధి వల్ల ఇంగ్లీషువారి వశమైంది. అంతకు ముందు పలుమార్లు సైన్యాలు తొక్కిన నేల ఇది. అటువంటి రోజులలో ఉన్నవారు సొమ్మును కుండలో పోసి పాతిపెట్టేవారు. చోటు ఎవరికీ చెప్పకుండానే వారు కన్నుమూస్తే సొమ్ము మట్టిలోనే ఉండిపోయేది. లంకెబిందెల కథలన్నీ కట్టుకథలు కావు.

అటువంటి నాణేలను వెతకడానికి ఇప్పుడు లోహశోధక యంత్రాలు వచ్చాయి. పొడుగాటి కర్ర చివర పళ్లెం వంటి భాగం, దానిలో తీగచుట్ట ఉంటాయి. తీగలో మారుతూ పోయే విద్యుత్తు వల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది. కింద లోహం ఉంటే దానిలోనూ చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటిని పసిగట్టి యంత్రం మోగుతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లో, అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో చిక్కిన తుపాకి గుండును వెతకడానికి ఇటువంటి పరికరమే తయారుచేశాడు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు దానిని తికమకపెట్టాయట! నేటి యంత్రాలు మెరుగైనవే. అయినా కింద ఉన్నది నాణెమో, సీసా మూతో తవ్వి చూస్తే గాని తేలదు.

చిక్కంతా ఆ తవ్వడంలోనే ఉంది. నాణెం విలువ దాని లోహంలో కొంతే. అది ఎక్కడ, ఏ పొరలో, వేటి పక్కన ఉన్నదన్నదే మిగిలినదంతా. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు, వారికి ముందున్న గోబద మొదలైన రాజుల నాణేలు దొరికాయి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని పరిశీలించగా తెలంగాణ తొలి చరిత్ర కొత్త వెలుగులోకి వచ్చింది. అవే నాణేలు ఊరి పేరు లేకుండా ఏ పట్నపు అంగడికో చేరి ఉంటే వట్టి పాత కాసులయ్యేవి. అంత దూరం పోనక్కరలేదు. కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించారు. కాలం చెప్పింది ఇనుము కాదు, దానితోపాటు పొరలో ఉన్న బొగ్గు. యంత్రం మోగగానే ఎవరైనా ఆ ఇనుమును పెకలించి ఉంటే అది తుక్కు కిందే పోయేది.

మన దేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది. నేలలో దాగిన సొమ్ము దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలిపి ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి. దాచిపెట్టడం నేరం. దొరికినవారికీ, నేల యజమానికీ వాటా ఆ చట్టంలోనే చెప్పారు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వనే కూడదు.

ఇంగ్లండులో పొలం యజమాని ఒప్పుకుంటే ఈ యంత్రంతో వెతకడం చాలామందికి సెలవునాటి సరదా. 1992లో అక్కడి హాక్సన్ గ్రామంలో ఎరిక్ లాస్ అనే వృద్ధుడు, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం యంత్రం పట్టుకుని వెళ్లాడు. యంత్రం మోగింది. తవ్వితే వెండి, బంగారు నాణేలు! ఆయన కొంత తీసి, మిగిలినది కదపకుండా ఆపి, అధికారులకు కబురు పంపాడు. అందుకే మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, కుళ్లిపోయిన కొయ్యపెట్టె ఆకారాన్ని, దానిలో సొమ్ము సర్దిన తీరును కూడా గుర్తించగలిగారు. దాదాపు 15,000 రోమన్ నాణేలు లెక్కకు వచ్చాయి. 17.5 లక్షల పౌండ్ల బహుమానాన్ని ఆయన, రైతు పంచుకున్నారు. సుత్తి కూడా దొరికింది. నాణేలతోపాటు అదీ లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది.