వయసు దాచుకునే డ్రైవర్లు

లైనక్స్ కోసమే తయారై, ఇరవై ఏళ్ల కిందట చక్కగా నడిచిన కంప్యూటర్ గేమ్, ఆనాటి యంత్రం కన్నా ఎన్నో రెట్లు వేగమైన నేటి యంత్రంలో తెర కూడా తెరవకుండానే మూతపడటం ఆ వ్యవస్థలో తరచుగా ఎదురయ్యే వైపరీత్యం. సీడీలోనో హార్డ్‌డిస్క్‌లోనో ఉన్న ఆ ఫైలులో ఒక్క బైటు కూడా మారి ఉండదు. అది తన చుట్టూ ఉంటుందని నమ్ముకున్న పరిసరం మాత్రం పూర్తిగా మారిపోయి ఉంటుంది. ఇటువంటి ఆటలను నేటివ్ గేమ్‌లు అంటారు. విండోస్ కోసం రాసిన ఆటను వైన్ వంటి మధ్యవర్తి ప్రోగ్రాం సాయంతో ఆడించడం ఒక పద్ధతి కాగా, లైనక్స్ కోసమే కంపైల్ చేసి, అంటే యంత్రభాషలోకి మార్చి ఇచ్చిన ఆట నేటివ్ అవుతుంది.

ఆ తొలితరం ఆటల్లో చాలా భాగం లోకీ సాఫ్ట్‌వేర్ అనే ఒక చిన్న సంస్థ చేతి మీదుగా వచ్చినవే. 1998లో స్కాట్ డ్రేకర్ కాలిఫోర్నియాలో స్థాపించిన ఈ సంస్థ, విండోస్ ఆటల హక్కులను కొని వాటిని లైనక్స్‌కు మార్చి అమ్మేది. 1999లో వచ్చిన సివిలైజేషన్: కాల్ టు పవర్‌తో మొదలై క్వేక్ 3 అరీనా, సిమ్‌సిటీ 3000, హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 వంటివి ఆ దారిలోనే వచ్చాయి. అయితే 2001 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసిన ఆ సంస్థ 2002 జనవరికల్లా మూతపడింది. తయారుచేసినవారే లేకపోయాక ఆటను మళ్లీ కంపైల్ చేసే దిక్కు ఉండదు, సోర్స్ కోడ్ మూల ప్రచురణకర్తల వద్దే ఉండిపోతుంది కనుక బయటివారు దానిని సరిచేసే వీలూ ఉండదు. అందువల్ల సర్దుకోవలసిన భారం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదా, దానిని నడిపే లైబ్రరీల మీదా పడింది.

లైనక్స్‌లో ఆటకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య అనేక పొరలున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉండే కెర్నల్ విషయంలో, నడుస్తున్న ప్రోగ్రాంను కొత్త వెర్షన్ చెడగొట్టకూడదన్న నియమాన్ని లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ కఠినంగా పాటిస్తూ వచ్చారు. ఆ పైపొరల్లో అంతటి కట్టుబాటు అందరిలోనూ లేదు. ఆట తన బొమ్మలను గీయమని ఓపెన్‌జీఎల్ అనే ప్రమాణ భాషలో అడుగుతుంది. ఇంటెల్, ఏఎండీ కార్డులపై ఆ భాషను అర్థం చేసుకునేది మెసా అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, దీనిని బ్రయన్ పాల్ 1993లో రాయడం మొదలుపెట్టి 1995లో విడుదల చేశారు. ఎన్విడియా కార్డులకు ప్రధానంగా ఆ సంస్థ సొంత డ్రైవరే ఆధారం.

ఈ రెండు డ్రైవర్లకూ ఒకే తలనొప్పి తెచ్చిపెట్టిన లోపాన్ని కాస్త దగ్గరగా చూడవచ్చు. ఆట మొదలవగానే డ్రైవర్‌ను నీకు ఏయే అదనపు విద్యలు వచ్చునని అడుగుతుంది. ఓపెన్‌జీఎల్ పరిభాషలో వీటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు, ఒకే ఉపరితలంపై రెండు చిత్రాలను ఒకేసారి పరిచే మల్టీటెక్స్చర్ వాటిలో ఒకటి. డ్రైవర్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్ల పేర్లన్నిటినీ ఖాళీలతో విడదీసి ఒకే పొడవాటి వాక్యంగా తిరిగి ఇస్తుంది. 1999 నాటి కార్డులకు ఆ పేర్లు కొద్దిపాటివే కావడంతో, ఆనాటి ప్రోగ్రామర్లు కొందరు జవాబును దాచుకోవడానికి మెమరీలో ఒక స్థిరమైన జాగా కేటాయించి, వచ్చినది అందులో పడుతుందో లేదో కొలవకుండానే నింపేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ డ్రైవర్ విద్యలు పెరిగి ఆ పేర్లు వందల్లోకి చేరాయి. సోలెడు పట్టే పాత్రలో కుంచెడు పోసినట్టు జవాబు పొంగి పక్కనున్న మెమరీపై పడటంతో ఆట కుప్పకూలుతుంది. నేర్చిన విద్య ఎక్కువ కావడమే నేరమైన సందర్భం ఇది.

దీనికి మెసా రచయితలు కనిపెట్టిన విరుగుడు సరసమైనది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు అది పుట్టిన సంవత్సరాన్ని జతచేసి, జాబితాను ఆ క్రమంలో అమర్చి, వినియోగదారు ఒక సంవత్సరాన్ని చెబితే దాని తరువాత పుట్టినవాటి ఊసెత్తకుండా ఊరుకునే ఏర్పాటు చేశారు. ఆటను ప్రారంభించే ఆదేశానికి ముందు మెసా_ఎక్స్‌టెన్షన్_మ్యాక్స్_ఇయర్=2003 అన్న ఒక్క మాట చేర్చితే చాలు, నేటి డ్రైవర్ తన వయసును దాచుకుని 2003 నాటి దానిలా జవాబిస్తుంది. ఎన్విడియా కూడా ఇదే పని చేసింది, కాకపోతే అక్కడ సంవత్సరానికి బదులు పాత డ్రైవర్ వెర్షన్ సంఖ్యను చెప్పాలి. 2008లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 3.0 ఈ పేర్లను ఒక్కొక్కటిగా అడిగే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది గాని, అప్పటికే సీడీల్లోకి ఎక్కిన ఆటలకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

రెండవ తరహా లోపం మనిషిని మరింత తప్పుదారి పట్టిస్తుంది. ఆటల దుకాణమైన స్టీమ్ 2013 ఫిబ్రవరిలో లైనక్స్‌కు వచ్చినప్పుడు, ఏ లైనక్స్ పంపిణీలోనైనా ఆటలు ఒకేలా నడవాలన్న మంచి ఉద్దేశంతో తనతో పాటు ఒక లైబ్రరీల మూటను తెచ్చుకుంది. సీ ప్లస్‌ప్లస్ భాషలో రాసిన ప్రోగ్రాంలన్నిటికీ అవసరమయ్యే ప్రామాణిక లైబ్రరీ కూడా ఆ మూటలో ఉండేది. ఏఎండీ కార్డులకు మెసాలో ఉన్న డ్రైవర్‌కూ ఆ లైబ్రరీయే కావాలి, కానీ ఇంకా కొత్తది కావాలి. ఒక ప్రోగ్రాంలో సాధారణంగా దాని ఒక్క ప్రతే లోడ్ అవుతుంది గనుక, ముందు వచ్చిన పాత ప్రతి కుర్చీ పట్టుకుని కూర్చుంటే డ్రైవర్‌కు చోటుండదు. తెరపై కనిపించే సందేశం మాత్రం డ్రైవర్‌ను లోడ్ చేయలేకపోయామని చెబుతుంది, దానితో వినియోగదారులు ఏ దోషమూ లేని డ్రైవర్‌ను పదేపదే తీసి మళ్లీ ఎక్కించేవారు. అసలు చికిత్స స్టీమ్ తెచ్చుకున్న ఆ పాత ఫైలును పక్కకు తప్పించడమే. అప్పుడు వ్యవస్థలోని కొత్త ప్రతి లోడ్ అయి, పాత ఆటనూ కొత్త డ్రైవర్‌నూ రెంటినీ సంతృప్తి పరుస్తుంది. తరువాతి కాలంలో స్టీమ్ ఈ సర్దుబాటును తనే చేసుకోవడం నేర్చింది.

చట్టం వల్ల ఆగిన ఆటలూ లేకపోలేదు. ఎస్3టీసీ అనే చిత్రాలను కుదించే పద్ధతిని లెక్కలేనన్ని ఆటలు వాడుకున్నా, దానిపై అమెరికాలో పేటెంట్ ఉన్నందున మెసా దానిని తనలో కలుపుకోలేదు. వినియోగదారులే ఒక ప్రత్యేక లైబ్రరీని వెతికి తెచ్చుకోవలసి వచ్చేది. 2017 అక్టోబరులో పేటెంట్ గడువు తీరగానే ఆ కోడ్ మెసాలో చేరి, అదే ఏడాది చివర వెలువడిన 17.3 వెర్షన్‌తో అందరికీ అందింది. ఆ రోజు ఏ ఆట కోడూ మారలేదు, ఏ కార్డూ మారలేదు, క్యాలెండర్ మాత్రమే మారింది.

చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. లోకీ నాటి ఆటలు దాదాపు అన్నీ 32 బిట్లవి కాబట్టి 64 బిట్ల వ్యవస్థలో గ్రాఫిక్స్ లైబ్రరీలను రెండు జతలుగా ఉంచుకోవాలి. 2019 జూన్‌లో ఉబుంటు అనే లైనక్స్ పంపిణీ ఆ 32 బిట్ల జతను వదిలేస్తామని ప్రకటించి, నిరసన రేగగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గింది. కిటికీలు తెరవడం, కీబోర్డు చదవడం వంటి పనులకు ఆటలు వాడుకున్న ఎస్‌డీఎల్ 1.2 లైబ్రరీ స్థానంలో, అదే పేరుతో కూర్చుని ప్రతి పిలుపునూ ఎస్‌డీఎల్ 2లోకి మార్చి పంపే అనుకూల లైబ్రరీ వచ్చింది. దాని రచయితల్లో ముఖ్యుడైన ర్యాన్ గోర్డన్ ఒకప్పుడు లోకీలో పనిచేసినవాడే కావడం ఈ కథలో ఇంపైన సంగతి.

సోర్స్ కోడ్ బయటపడ్డ ఆటలకు ఈ బాధలు చాలా వరకు తప్పాయి. 2005లో క్వేక్ 3 కోడ్ స్వేచ్ఛగా విడుదలయ్యాక, ఔత్సాహికులు దానిని ఐఓక్వేక్3 పేరుతో నేటి డ్రైవర్లకు తగినట్టు సవరిస్తూ వచ్చారు. కోడ్ దొరకని ఆటల విషయంలో మాత్రం, లైనక్స్ ప్రతిని పక్కన పెట్టి విండోస్ ప్రతిని వైన్ ద్వారానో, స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసిన, అటువంటిదే అయిన ప్రోటాన్ ద్వారానో ఆడుకోవడమే సుఖమని చాలామంది తేల్చుకున్నారు. సొంత ఇంటి బిడ్డ కన్నా అతిథికే మర్యాద ఎక్కువ దక్కినట్టున్నా, పాత విండోస్ ఎలా ప్రవర్తించేదో అలాగే ప్రవర్తించడం వైన్‌కు వృత్తిధర్మం కావడం వల్ల ఈ ఫలితం సహజమే.

మళ్లీ డ్రైవర్ల సంగతికి వస్తే, మరి కొన్ని ఆటల్లో తప్పు ఆటదే, కానీ నింద డ్రైవర్‌పై పడింది. గ్రాఫిక్స్ కార్డుపై నడిచే చిన్న ప్రోగ్రాంలను షేడర్లు అంటారు, వాటికి కావలసిన ఎక్స్‌టెన్షన్లను మొదట్లోనే ప్రకటించాలని నియమం ఉంది. ఎన్విడియా డ్రైవర్ ఈ నియమాన్ని చూసీచూడనట్టు వదిలేసేది. ఆ కార్డుపైనే పరీక్షించుకున్నవారు ప్రకటనను షేడర్ మధ్యలో రాసినా గమనించేవారు కారు. నియమాన్ని అక్షరాలా పాటించే మెసా మాత్రం అటువంటి షేడర్‌ను తిరస్కరించేది, చూసేవారికి మెసాయే చేతకానిదిగా కనిపించేది. చివరికి మెసా రచయితలు పంతం విడిచి, డీఆర్‌ఐఆర్‌సీ అనే అమరికల ఫైలులో మినహాయింపుల చిట్టా ఒకటి తెరిచారు. అందులో యూనిజిన్ హెవెన్ అనే పరీక్షా ప్రోగ్రాం, డయింగ్ లైట్ వంటి ఆటల పేర్ల పక్కన ఏ నియమాన్ని ఎవరి కోసం సడలించాలో రాసి ఉంటుంది. డ్రైవర్ సాధారణంగా వాటిని గుర్తుపట్టేది ప్రోగ్రాం ఫైలు పేరును బట్టే కాబట్టి, ఎవరైనా సరదాకి ఆ పేరు మార్చితే మినహాయింపు వర్తించదు, షేడర్ మళ్లీ తిరస్కారానికి గురవుతుంది.